‘బైట్ ద బుల్లెట్’: ఓర్చుకోవడమా, పూనుకోవడమా?

మీరు రెండు సంగతులు అడిగారు. పోటీ పరీక్షల పుస్తకంలో ‘బైట్ ద బుల్లెట్’ (మాటకు మాటగా ‘తూటాను కొరుకు’) అనే ఆంగ్ల జాతీయానికి ‘కష్టాన్ని ధైర్యంగా ఓర్చుకొను’ అని అర్థం ఇచ్చారు. దాన్ని నమ్ముకొని మీరు ‘మై గ్రాండ్‌మదర్ బిట్ ద బుల్లెట్ విత్ నీ పెయిన్ ఫర్ ట్వెంటీ ఇయర్స్’ అని రాస్తే, మీ అధ్యాపకులు ఆ వాక్యాన్ని కొట్టివేశారు. అందులో తప్పేమిటన్నది మొదటి ప్రశ్న. మత్తుమందు లేని కాలంలో గాయపడిన సైనికుడి నోట్లో తూటా పెట్టి శస్త్రచికిత్స చేసేవారనీ, ఈ మాట అక్కడి నుంచే పుట్టిందనీ చెప్పే కథ నిజమేనా అన్నది రెండోది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. జాతీయం ఎక్కడ పుట్టి ఎలా మారిందో తెలిస్తే, మీ వాక్యం ఎందుకు నిలవలేదో కూడా తెలుస్తుంది.

ముందుగా మీ వాక్యం సంగతి. మీ పుస్తకంలోని అర్థం పూర్తిగా తప్పు కాదు గానీ సగమే. నేటి ఆంగ్లంలో ఈ జాతీయం కష్టం పడుతూ ఉండటాన్ని చెప్పదు. కష్టమని తెలిసి, అందుకే ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన పనికి చివరికి మనసు గట్టి చేసుకొని పూనుకోవడాన్ని చెబుతుంది. అంటే ఆ మాట వాడాలంటే ఎదుట అప్రియమైన పని ఒకటి ఉండాలి, దాన్ని తప్పించుకోవాలన్న కోరిక మనిషిలో ఉండాలి, ఆ కోరికను పక్కకు నెట్టి అతడే స్వయంగా అడుగు ముందుకు వేయాలి. ఓర్పు ఇందులో ఉంది, కాదనను. కానీ అది నిర్ణయం వెంట వచ్చే ఓర్పు. ఏ నిర్ణయమూ లేకుండా ఏళ్ల తరబడి సాగే సహనానికి ఈ మాట అతకదు. మీ అమ్మమ్మగారు ఇరవై ఏళ్లు నొప్పిని భరించడం మొదటిది కాదు, రెండోది. అక్కడ ‘పుట్ అప్ విత్’ అనో, ‘ఎండ్యూర్డ్’ అనో రాస్తే సరిపోయేది. అదే, ఆపరేషన్ అంటే భయపడి ఇరవై ఏళ్లు దాటవేస్తూ వచ్చిన ఆవిడ ఒకరోజు ‘సరే, చేయించుకుంటాను’ అన్నారనుకోండి. అప్పుడు ‘షీ ఫైనల్లీ బిట్ ద బుల్లెట్ అండ్ హ్యాడ్ హర్ నీ రీప్లేస్డ్’ అని రాస్తే ఏ అధ్యాపకుడూ వేలెత్తి చూపలేడు.

నా విద్యార్థులకు నేను చెప్పే ఒక పరీక్ష ఉంది. మీ వాక్యంలోని భావాన్ని తెలుగులో అనుకొని, దాని ముందు ‘ఇక తప్పదనుకొని’ అన్న మాట పెట్టి చూడండి. ‘ఇక తప్పదనుకొని కారు అమ్మేశాం’, ‘ఇక తప్పదనుకొని నాన్నగారికి నిజం చెప్పేశాను’, ‘ఇక తప్పదనుకొని పన్ను పీకించుకున్నాడు’: ఇవన్నీ సహజంగా ఉన్నాయి కాబట్టి వీటన్నింటికీ ఈ జాతీయం సరిపోతుంది. ‘ఇక తప్పదనుకొని ఇరవై ఏళ్లు నొప్పి భరించింది’ అంటే మన చెవికే ఏదో ఎబ్బెట్టుగా తోస్తుంది. చెవి చెప్పే ఆ తీర్పును నమ్మండి.

ఇప్పుడు పుట్టుక విషయానికి వద్దాం. ఈ మాటకు దొరికిన పాత ఆధారాల్లో ముఖ్యమైనది శస్త్రచికిత్స గదికి చెందినది కాదు, సైనిక శిక్షల మైదానానికి చెందినది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆంగ్లేయుడు వీధుల్లోనూ బారకాసుల్లోనూ వినిపించే మోటు మాటలను ఏరి ఒక నిఘంటువు కూర్చాడు. దాని మొదటి ముద్రణ 1785లో వచ్చింది. ఆయన చనిపోయాక 1796లో వచ్చిన ముద్రణలో ‘నైటింగేల్’ అన్న పదం కింద ఒక వివరణ కనిపిస్తుంది. నైటింగేల్ రాత్రిపూట పాడే పిట్ట. సైనికుల పరిభాషలో మాత్రం కొరడా దెబ్బలు తింటూ గొంతెత్తి అరిచిన సైనికుడికి అది వెక్కిరింపు పేరు. కొన్ని రెజిమెంట్లలో గ్రెనేడియర్లు, అంటే ఏరికోరి తీసుకున్న దృఢమైన పదాతి సైనికులు, తొమ్మిది తోకల కొరడా కింద కూడా నోరు మెదపకపోవడాన్ని పరువుగా భావించేవారనీ, ఆ పరువు దక్కించుకోవడానికి తుపాకీ గుండును నమిలేవారనీ గ్రోస్ రాశాడు.

ఆ శిక్ష ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూస్తే మాటలోని బరువు తెలుస్తుంది. హాల్బర్డ్ అనే పొడుగాటి గొడ్డలి బల్లేలను ముక్కాలిపీట కాళ్లలా నిలబెట్టి, పైన కట్టి, దానికి సైనికుణ్ణి చేతులు చాచి బిగించేవారు. చొక్కా ఉండదు. చుట్టూ అతని రెజిమెంటే వరుసలు తీరి నిలబడి చూడాలి. ఒక్కొక్క దెబ్బనూ లెక్కపెడుతుంటారు. ఆ కాలపు బ్రిటిష్ పదాతిదళం వాడిన మస్కెట్ గుండు మెత్తని సీసంతో చేసినది. అడ్డుకొలత సుమారు 17 మిల్లీమీటర్లు, అంటే చిన్న రేగుపండంత. దవడల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే పంటి గాటు పడుతుంది గానీ పన్ను విరగదు. ప్రతి సైనికుడి దగ్గరా ఎప్పుడూ ఉండే వస్తువు కూడా అదే. నొప్పిని అది తగ్గించలేదు. అరుపును లోపలే ఆపింది, అంతే. బ్రిటిష్ సైన్యంలో ఈ కొరడా శిక్షను 1881లో రద్దు చేశారు.

ఒక తేడా ఇక్కడే గమనించండి. ఆ సైనికుడికి ఎంపిక లేదు. శిక్ష పడింది, దెబ్బలు తప్పవు. అతని చేతిలో మిగిలింది అరవాలా వద్దా అన్నది ఒక్కటే. కాబట్టి మొదట్లో ఈ మాట నిజంగానే ఓర్చుకోవడాన్ని చెప్పింది. మీ పుస్తకం ఇచ్చిన అర్థం ఆ పాత పొరకు చెందినది. భాష అక్కడే ఆగిపోయి ఉంటే మీ వాక్యం కూడా ఒప్పే అయ్యేది.

శస్త్రచికిత్స కథ గురించి కూడా సూటిగా చెబుతాను. ఎక్కడో ఎప్పుడో ఎవరో ఒక క్షతగాత్రుడు తూటా కొరికి ఉండవచ్చు. ఆ మాటకు అడ్డు చెప్పలేం. కానీ అది మామూలు పద్ధతి అని చెప్పడానికి ఆధారాలు చాలా తక్కువ. వెల్లకిలా పడుకోబెట్టి కాలు కోస్తున్న మనిషి నోట్లో చిన్న సీసపు గుండు పెడితే, అతడు ఊపిరి కోసం నోరు తెరిచిన మరుక్షణం అది గొంతులోకి జారే ప్రమాదం ఉంది. ఆ సంగతి వైద్యులకు తెలియనిది కాదు. సారా తాగించడం, నల్లమందు ద్రావకం ఇవ్వడం, పళ్ల మధ్య తోలుపట్టీనో కర్రముక్కనో పెట్టడం, నలుగురు బలమైన మనుషులచేత పట్టించడం, అన్నిటికీ మించి వేగంగా కోయడం వారి ఉపాయాలు. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్‌కు పేరొచ్చింది నిమిషాల్లో కాలు తీసేయగల ఆ వేగం వల్లనే.

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇవ్వడం, అదే ఏడాది డిసెంబర్‌లో లిస్టన్ లండన్‌లో ఈథర్ సాయంతో కాలు తీయడం, 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం వాడకం మొదలుపెట్టడం వెంటవెంటనే జరిగాయి. అందుకే 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో అత్యధిక శస్త్రచికిత్సలు క్లోరోఫారమో ఈథరో ఇచ్చే చేశారు. ఆ యుద్ధాన్ని చూపే సినిమాల్లో తూటా కొరుకుతున్న సైనికుడు కనిపించినా చరిత్ర అతనికి పెద్దగా సాక్ష్యం చెప్పదు. పాత యుద్ధభూముల తవ్వకాల్లో పంటిగాట్లున్న సీసపు గుండ్లు దొరికిన మాట నిజమే. అయితే వాటిలో చాలావాటిని నమిలింది పందులని పరిశీలకులు తేల్చారు. మనుషులు నమిలినవి కూడా అన్నీ నొప్పికే నమిలినవని చెప్పలేం, దాహంగా ఉన్నప్పుడు నోట్లో తడి ఊరడానికి సైనికులు గుండు చప్పరించేవారు.

మత్తుమందు ప్రస్తావన వచ్చింది కాబట్టి, తెలుగు నేలకు చెందిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. క్లోరోఫారం ప్రాణం తీసేది ఊపిరిని ఆపడం వల్లనా, గుండెను ఆపడం వల్లనా అని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజుల్లో, ఆ ప్రశ్నను తేల్చడానికి హైదరాబాదులో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. ముందుండి నడిపించినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చు భరించినవాడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. రెండో కమిషన్ కోసం ఇంగ్లండ్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదు దాకా వచ్చాడు. తేల్చింది ఊపిరే అని. తరువాతి పరిశోధనలు గుండెను కూడా దోషిగా నిలబెట్టాయి, అది వేరే కథ. పళ్లు బిగించి నొప్పి భరించే కాలాన్ని ముగించే ప్రయత్నంలో మన నగరానికీ ఒక వాటా ఉందన్నది మాత్రం గుర్తుంచుకోదగిన విషయం.

మరో కథ మన దేశంతో ముడిపడినది. 1857 తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాల నుంచే ఈ జాతీయం వచ్చిందని కొందరు రాస్తారు. తూటా అంటే అప్పట్లో కాగితపు గొట్టం. అందులో మందూ గుండూ రెండూ ఉండేవి. సిపాయి గొట్టం కొసను పళ్లతో చించి, మందును తుపాకీ గొట్టంలో పోసి, గుండును లోపలికి దిగ్గొట్టాలి. దానికి పూసిన కొవ్వు ఆవుదీ పందిదీ అన్న అనుమానంతో మీరట్‌లో 1857 ఏప్రిల్ 24న 85 మంది అశ్వికులు ఆ తూటాలను ముట్టనన్నారు. మే 9న వారికి అందరి ఎదుటా సంకెళ్లు వేశారు, మే 10న తిరుగుబాటు చెలరేగింది. ఈ చరిత్రలో సందేహం లేదు. కానీ జాతీయం ఇందులోంచి పుట్టిందనడం కుదరదు. గుండు నమలడం గురించి గ్రోస్ నిఘంటువు ముద్రించింది అంతకు 61 ఏళ్ల ముందే. పైగా సిపాయిలు కొరకవలసింది కాగితాన్ని, గుండును కాదు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి అర్థంలో ఉంది. మీరట్‌లో ధైర్యం చూపినవారు కొరకనన్నవారు. కొరకడాన్నే ధైర్యంగా చెప్పే జాతీయం ఆ ఘటన నుంచి ఎలా వస్తుంది?

ఇక అర్థం మారిన తీరు. ఈ మాటను శరీరం నుంచి మనసుకు తెచ్చినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు రడ్‌యార్డ్ కిప్లింగ్. బొంబాయిలో పుట్టి, లాహోరు, అలహాబాదు పత్రికల్లో పనిచేసిన కిప్లింగ్‌కు సైనికుల భాష బాగా చెవికెక్కింది. 1891లో వచ్చిన ‘ద లైట్ దట్ ఫెయిల్డ్’ అనే ఆయన నవలలో, సూడాన్ యుద్ధంలో తగిలిన పాత గాయం వల్ల చూపు పోతున్న చిత్రకారుణ్ణి అతని మిత్రుడు గట్టిగా పట్టుకొని, గుండును పళ్ల మధ్య బిగించు, నువ్వు భయపడుతున్నావని వాళ్లకు తెలియనీయకు అన్న అర్థంలో ధైర్యం చెబుతాడు. అక్కడ గుండూ లేదు, కొరడా లేదు. మాట ఒక్కటే మిగిలింది. అయినా అది ఇంకా ఓర్పును చెప్పే మాటే. 1923 నాటికి ఉడ్‌హౌస్ హాస్య కథల్లో, చెడు కబురు వినబోతున్నావు, గుండె దిటవు చేసుకో అని చెప్పే తేలికపాటి సందర్భానికి కూడా అది దిగివచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో క్రమంగా భారం ఓర్పు మీది నుంచి నిర్ణయం మీదికి జరిగింది. ‘అండ్’ అనే చిన్న పదం వెంట మరో క్రియ చేరడం ఆ మార్పుకు గుర్తు. ‘బిట్ ద బుల్లెట్’ అని ఆగిపోకుండా ‘బిట్ ద బుల్లెట్ అండ్ సోల్డ్’, ‘అండ్ టోల్డ్’, ‘అండ్ రిజైన్డ్’ అనడం మామూలైంది. ఏమి భరించాడన్నది వెనక్కి పోయి, ఏమి చేశాడన్నది ముందుకు వచ్చింది.

నేటి అర్థాన్ని చక్కగా చూపే నిజ ఉదాహరణ కావాలంటే 1991 జూలై మొదటి వారాన్ని చూడమంటాను. దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మించి లేదు. జూన్ 21న ప్రమాణ స్వీకారం చేసిన పి.వి. నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రూపాయి విలువను తగ్గించాలని నిశ్చయించారు. రాజకీయంగా అది చేదు నిర్ణయం. 1966లో విలువ తగ్గించినప్పుడు ఇందిరా గాంధీ ప్రభుత్వం మోసిన నిందను ఎవరూ మరచిపోలేదు. అందుకే పనిని రెండు మెట్లుగా విడదీశారు. జూలై 1న సుమారు 9 శాతం తగ్గించారు. విమర్శలు చెలరేగాయి. జూలై 3 ఉదయం రెండో మెట్టు దగ్గర పి.వి. తటపటాయించి దాన్ని ఆపమన్నారు. మన్మోహన్ సింగ్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోను చేసేసరికి, ఆ పని అప్పటికే పూర్తయిపోయింది. సుమారు 11 శాతం. తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసినది ఆ రంగరాజన్‌గారే. ఆంగ్ల పత్రికలు ఇలాంటి ఘట్టాలను రాసేటప్పుడు ‘ద గవర్నమెంట్ బిట్ ద బుల్లెట్’ అని రాయడం పరిపాటి. ఎందుకు అతికిందో చూడండి: చేయవలసిన పని ఏదో ముందే తెలుసు, దాన్ని అంతకు ముందరి ప్రభుత్వాలు దాటవేస్తూ వచ్చాయి, చేస్తే నొప్పి ఖాయం, చేయకపోతే అంతకన్నా పెద్ద నొప్పి ఖాయం. చివరి క్షణపు తటపటాయింపు కూడా ఈ జాతీయం లోపలిదే. తటపటాయింపే లేని చోట ఈ మాట అవసరం పడదు.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది, చెబుతాను. గుండును ఎవరు కొరుకుతున్నారన్నది ఈ జాతీయంలో ముఖ్యం. నిర్ణయం తీసుకున్నవాడే నొప్పిని కూడా పంచుకోవాలి. పెద్ద సంస్థల అధిపతులు ఉద్యోగులను తీసేస్తూ పంపే ఉత్తరాల్లో, ‘వుయ్ హ్యాడ్ టు బైట్ ద బుల్లెట్’ అని రాయడం పరిపాటి అయింది. ఉద్యోగం పోయినవాడు అమెరికాలో ఇంటి అద్దె ఎలా కట్టాలో, వీసా గడువు లోపల మరో పని ఎలా దొరుకుతుందో తెలియక కూర్చుంటాడు; అలాంటి స్థితిలో ఉన్న తెలుగు పిల్లలు తక్కువమంది కారు. కొరికింది ఒకరు, నొప్పి మరొకరిది. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం ఒప్పే. అయినా మీరు ఎప్పుడైనా అలాంటి ఉత్తరం రాయవలసిన స్థానంలో ఉంటే, ఆ మాట వాడకండి.

అలాగే, ఇంట్లో మనిషి పోయినవారికీ, మందులేని జబ్బుతో ఉన్నవారికీ ఓదార్పుగా ఈ మాట చెప్పకూడదు. మీ పుస్తకం ఇచ్చిన అర్థం ప్రకారం చెప్పవచ్చనిపిస్తుంది. అందుకే ఈ హెచ్చరిక. వినేవారికి అది ‘ఏడుపు ఆపి పని చూసుకో’ అన్నంత కఠినంగా తగులుతుంది.

వాడుకలో చూసుకోవలసిన నియమాలు కొన్నే. ‘బైట్’కు భూతకాల రూపం ‘బిట్’, ‘హ్యావ్’ తరువాత వచ్చే రూపం ‘బిటెన్’. ‘బైటెడ్’ అని రాసే విద్యార్థులను నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. ‘ద’ను ‘ఎ’గా మార్చకూడదు, ‘బుల్లెట్’ను బహువచనం చేయకూడదు, నలుగురు కలిసి నిర్ణయం తీసుకున్నా గుండు ఒక్కటే. ‘ఫైనల్లీ’, ‘జస్ట్’, ‘హ్యావ్ టు’, ‘డిసైడెడ్ టు’, ‘టైమ్ టు’ అనేవి దీనికి చుట్టాల్లాంటివి. వీటిలో ఏదో ఒకటి పక్కన ఉంటే వాక్యం సహజంగా వస్తుంది. పత్రికా వ్యాసానికీ, ఉపన్యాసానికీ, సహోద్యోగికి రాసే ఈమెయిలుకూ ఇది తగిన మాటే. కోర్టుకు ఇచ్చే అర్జీలోనూ, పరిశోధన పత్రంలోనూ వద్దు.

పరిశోధన పత్రం అన్నాను గానీ, దానికి ఒక మినహాయింపు ఉంది. తత్వశాస్త్రంలో ఈ మాట దాదాపు పారిభాషిక పదమైపోయింది. మన సిద్ధాంతాన్ని చివరిదాకా లాగితే ఎవరికీ మింగుడుపడని ఫలితం వస్తుందని ఎదుటివాడు చూపించాడనుకోండి. ఉదాహరణకు, ఎక్కువమందికి మేలు చేసేదే మంచి పని అనేవాడిని, ‘అయితే ఆరోగ్యంగా ఉన్న ఒకణ్ణి చంపి, అతని అవయవాలతో ఐదుగురు రోగులను బతికించడం మంచిదేనా?’ అని అడుగుతారు. సిద్ధాంతాన్ని సవరించుకోవడం ఒక దారి. ‘అవును, ఆ ఫలితాన్ని కూడా ఒప్పుకుంటాను’ అనడం మరో దారి. ఈ రెండోదాన్నే తత్వవేత్తలు ‘బైటింగ్ ద బుల్లెట్’ అంటారు. అక్కడ నొప్పి శరీరానిదీ కాదు, డబ్బుదీ కాదు, మన నైతిక స్పృహది. సివిల్స్‌లో ఎథిక్స్ పేపరు చదివేవారికి ఆంగ్ల వ్యాసాల్లో ఈ వాడుక ఎదురవుతుంది. అప్పుడు తికమక పడకండి.

ఇరుగుపొరుగు జాతీయాలతో పోల్చి చూస్తే దీని హద్దులు స్పష్టమవుతాయి. ‘గ్రిన్ అండ్ బేర్ ఇట్’ అంటే మార్చలేని దాన్ని నవ్వు పులుముకొని భరించడం. మీ అమ్మమ్మగారి నొప్పికి సరిగ్గా సరిపోయేది ఇదే. ‘కీప్ ఎ స్టిఫ్ అప్పర్ లిప్’ అంటే లోపల ఎంత కలత ఉన్నా ముఖంలో కనబడనీయకపోవడం. బ్రిటిష్‌వారి స్వభావానికి పర్యాయపదంగా వాడే ఈ మాటకు పాత ఆధారం 1815 నాటి ఒక అమెరికా పత్రికలో దొరకడం విశేషం. ‘ఫేస్ ద మ్యూజిక్’ మనం చేసిన పనికి ఫలితం అనుభవించడాన్ని చెబుతుంది, కాబట్టి అందులో తప్పు చేశామన్న ధ్వని ఉంది. ‘బైట్ ద బుల్లెట్’లో లేదు. ‘టేక్ ద బుల్ బై ద హార్న్స్’లో చొరవ ఉంది గానీ నొప్పి ముఖ్యం కాదు. అన్నిటికన్నా దగ్గరిది బ్రిటన్‌లో ఎక్కువగా వినిపించే ‘గ్రాస్ప్ ద నెటిల్’. దురద పుట్టించే ఆకును భయపడుతూ తాకితే కుడుతుంది, గట్టిగా పట్టుకుంటే కుట్టదు అన్న నమ్మకం మీద పుట్టిన మాట అది. ఇక ‘బైట్ ద డస్ట్’ అంటే మట్టికరవడం, ‘డాడ్జ్ ఎ బుల్లెట్’ అంటే పెద్ద గండం తృటిలో తప్పించుకోవడం. పరీక్షల్లో ఈ రెండింటినీ పక్క ఐచ్ఛికాలుగా పెట్టి తికమక పెడతారు.

తెలుగులోకి తేవడం ఎలా అని మీరు అడగలేదు గానీ, అనువాద ప్రశ్నల్లో వస్తుంది కాబట్టి చెబుతాను. ‘తూటా కొరికాడు’ అని రాస్తే తెలుగు పాఠకుడికి ఏమీ అందదు. మనకు ‘పంటి బిగువున భరించడం’ అనే మాట ఉంది. గ్రోస్ రాసిన ఆ గ్రెనేడియరు బొమ్మ అచ్చంగా అందులో కనిపిస్తుంది. ఏ భాష నుంచి ఏ భాషకూ వెళ్లకుండానే రెండు జాతులూ నొప్పిని పళ్లతోనే పట్టుకున్నాయి. కానీ మన మాట ఓర్పు దగ్గరే నిలిచింది. ‘పంటి బిగువున రాజీనామా చేశాడు’ అని మనం అనం. కాబట్టి పాత అర్థానికి, అంటే 1796 నాటి సైనికుడికి, కిప్లింగ్ చిత్రకారుడికి ‘పంటి బిగువున’ అన్నది సరైన అనువాదం. నేటి అర్థానికి ‘గుండె దిటవు చేసుకొని’, ‘మనసు రాయి చేసుకొని’, ‘చేదుమందు మింగక తప్పదని’ వంటివి సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి. పిల్లవాణ్ణి హాస్టల్లో వదిలివచ్చే తల్లికి ‘మనసు రాయి చేసుకొని’ కుదురుతుంది, పెట్రోలు ధర పెంచే ప్రభుత్వానికి కుదరదు. అక్కడ పత్రికలవారు రాసే ‘కఠిన నిర్ణయం తీసుకోక తప్పలేదు’ అన్నదే మేలు. ‘రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవడమెందుకు’ అన్న సామెతను కొందరు దీనికి సాటిగా చూపుతారు. అది పనిలోకి దిగాక చెప్పేది. ఇది దిగేముందు చెప్పేది. ఆ తేడా వల్ల నేను దాన్ని అంగీకరించను.

చివరిగా పరీక్ష గదిలో పనికొచ్చే మాట. ఈ జాతీయానికి ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాల్లో ‘అప్రియమైన పనిని చేయడానికి సిద్ధపడటం’ లేదా ‘కష్టమైన పరిస్థితిని ధైర్యంగా ఎదుర్కోవడం’ అన్న అర్థం వచ్చేది ఉంటే దాన్నే గుర్తించండి. అలాంటిది లేక, ‘బాధను మౌనంగా సహించడం’ మాత్రమే ఉంటే, ప్రశ్నపత్రం కూర్చినవారు పాత అర్థాన్ని తీసుకున్నారని గ్రహించి దాన్నే ఎంచుకోండి, మార్కు పోగొట్టుకోవద్దు. రెండూ ఉంటే మాత్రం మొదటిదే. సొంతంగా వాక్యం రాయమన్నప్పుడు ‘అండ్’ పెట్టి, చేసిన పనిని కూడా అదే వాక్యంలో రాయండి. ‘హి బిట్ ద బుల్లెట్’ అని ఒంటరిగా వదిలేస్తే, మీకు అర్థం తెలుసో లేదో దిద్దేవారికి తెలిసే వీలుండదు.